లోపం నాదే

మా కోళ్ళఫారంలో పనివాళ్ళు మావారికి పెట్టిన పేరు పుంజుగారు. ఎదురుగా ఎవరూ అనరు, వెనకాల అందరూ అంటారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తెలిసి కోపం తెచ్చుకోకపోగా లోలోపల మురిసిపోతారు. మనిషి గుమ్మంలో నిలబడితే గదిలోకి వెలుతురు రాదు. దాణా బస్తాను దిండు తీసినట్టు తీసి భుజానికి ఎత్తుకుంటారు. జలుబు కూడా ఆయన దగ్గరికి రావడానికి జంకుతుంది. అలాంటి మనిషికి పిల్లలు పుట్టకపోతే లోపం ఎవరిదో దారిన పోయేవాళ్ళు కూడా ఇట్టే చెప్పేస్తారు. నేనూ అలాగే చెప్పుకున్నాను.

మాది గుడ్లు పొదిగించి కోడిపిల్లల్ని అమ్మే చిన్న హేచరీ. మామయ్య పోయాక అత్తయ్యే దాన్ని నడుపుతున్నారు. ఇంటి వెనక కోళ్ళ షెడ్డు, అందులో వల కట్టి విడదీసిన అరలు. ఒక్కో అరలో ఒక పుంజు, కొన్ని పెట్టలు. అవి పెట్టిన గుడ్లు పొదిగే యంత్రాల్లోకి వెళతాయి. కొన్నాళ్ళు పోయాక వాటిని చీకటిగదిలో దీపం ముందు పెట్టి చూడటం నా పని. పిల్ల కడుతున్న గుడ్డులో సన్నటి ఎర్ర నరాలు అల్లుకుని ఉంటాయి, మధ్యలో నల్లటి చుక్క కదులుతుంటుంది. కట్టనిది ఆ చివర నుంచి ఈ చివరదాకా పసుప్పచ్చగా వెలుగుతుంది, లోపల ఏమీ ఉండదు. దాన్ని మేం ఖాళీ గుడ్డు అంటాం. ఖాళీవి ఏరి పక్కన పెట్టి, అవి ఏ అరలోవో అత్తయ్యకు చెప్పాలి.

రోజూ అవి చూస్తుంటే నీకేమీ అనిపించదా అని ఒకావిడ నన్ను జాలిగా అడిగింది. గుడ్లు చూస్తే నాకు గుడ్లే కనిపిస్తాయని చెప్పాను. నిజమే చెప్పాను. నా బుర్ర తీరే అంత, ఒక గదిలో తెలుసుకున్నది ఇంకో గదిలోకి పట్టుకెళ్ళదు.

పెళ్ళయిన కొత్తలో ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత సలహాలు మొదలయ్యాయి. ఇక ఆగలేదు. మనసులో పెట్టుకోకుండా హాయిగా ఉంటే అదే వస్తుందని ఒకావిడ చెప్పేది. హాయిగా ఎలా ఉండాలో చెప్పేది కాదు గానీ, కనిపించినప్పుడల్లా ఏమైనా విశేషమా అని మాత్రం అడిగేది. నెలంతా ఎడంగా ఉండి ఒకే ఒక్క రోజు కోసం దాచుకోవాలని ఇంకొకావిడ చెప్పింది. సిగ్గు చంపుకుని ఆ మాట మావారికి చేరవేస్తే, పాపం ఆయన ఎడంగా ఉండటానికి నానా అవస్థా పడ్డారు. ఎవరో దంపతులు ఒక బిడ్డను పెంపకానికి తెచ్చుకోగానే సొంతబిడ్డ పుట్టిందట, మమ్మల్నీ అలాగే తెచ్చుకోమన్నారు. పెంపుడుబిడ్డ మనిషి కాదు, గాలానికి గుచ్చే ఎర అన్నట్టు మాట్లాడారు. అది తప్ప మిగిలినవన్నీ చేశాను.

అత్తయ్య పద్ధతి వేరు. పడుకునేటప్పుడు నడుం కింద దిండు పెట్టుకుని, కాళ్ళు గోడకు ఆనించి, తెల్లారేదాకా కదలకుండా ఉండమనేవారు. గుడ్లను కుదిపితే పాడవుతాయా లేదా, ఇదీ అంతే అనేవారు. మా యంత్రాల్లో ట్రేలు రోజంతా అటూ ఇటూ ఒరుగుతూనే ఉంటాయి. ఒరగకపోతే పిల్ల పెంకుకు అతుక్కుపోయి చచ్చిపోతుంది. ఒక్కసారి ఆ మోటారు ఆగిందంటే ఇల్లంతా పరుగులు పెట్టించే మనిషే నన్ను మాత్రం కదలొద్దన్నారు. నాకు నడుం పట్టేసింది, అంతకుమించి ఏమీ జరగలేదు.

ఆస్పత్రికి కూడా అత్తయ్యే తీసుకెళ్ళేవారు. ఆవిడ మనసులో దురుద్దేశం ఏమీ లేదు. నా చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించేవారు, మందులు వేళకు గుర్తుచేసేవారు. అక్కడ రక్తం తీశారు, స్కానింగులు చేశారు, గర్భసంచి గొట్టాల్లోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీశారు. ఆ నొప్పికి బల్ల అంచు పట్టుకుని పళ్ళు బిగబట్టాను. అంతా బాగానే ఉందన్నారు. బాగానే ఉందంటే నాకు సంతోషం కలగలేదు. లోపం ఎక్కడో దాక్కుంది, వీళ్ళకింకా దొరకలేదు అనుకున్నాను.

ఒకసారి నర్సు, మీ ఆయన్ని కూడా తీసుకురండి, మగవాళ్ళకూ ఒక పరీక్ష ఉంటుంది అంది. నాకంటే ముందు అత్తయ్య నవ్వేశారు. వాడికేం, గుండ్రాయిలా ఉన్నాడు, వాడి అక్కకు ముగ్గురు పిల్లలు అన్నారు. నేనూ అవునవునన్నాను. రాత్రిపూట ఆయనకే లోటూ లేదని నాకు తెలియదా? ఆ మాట నర్సుతో అనలేక తల దించుకున్నాను. ఆ తర్వాత ఆమె మళ్ళీ అడగలేదు.

ఇలా ఉండగా మా వదిన, అంటే మావారి అక్క, మూడో పిల్లాడి పుట్టినరోజుకు చుట్టాలందరినీ పిలిచింది. వడ్డనలప్పుడు ఆమె చేతులు ఖాళీ లేక పిల్లాణ్ణి నా ఒళ్ళో కూర్చోబెట్టి వెళ్ళింది. వాడు నా మెడలో గొలుసుతో ఆడుకుంటున్నాడు. మావారి పెద్దమ్మ వచ్చి వాణ్ణి నా ఒళ్ళోంచి తీసేసుకుంది. దాని దగ్గర వద్దులే, మంచిది కాదు అని పక్కావిడతో అంది. మెల్లగా అన్నాననుకుంది గానీ గదిలో అందరికీ వినబడింది.

మావారు చేతిలో పళ్ళెంతో లేచి నిలబడ్డారు.

“లోపం నాదే పెద్దమ్మా. డాక్టరు చెప్పాడు. మా ఆవిడ బాగానే ఉంది, ఇంకెవరూ తననేమీ అనొద్దు.”

ఏ డాక్టరూ ఏమీ చెప్పలేదు. ఆయన జన్మలో డాక్టరు మొహం చూడలేదు. నా కోసం, అంతమంది ముందు, ఏ మగవాడూ అనని మాట తన మీద వేసుకున్నారు. ఆ క్షణాన ఆయన నా ప్రాణం అడిగినా ఇచ్చేసేదాన్ని. వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

వదిన వెనకే వచ్చి నన్ను దగ్గరికి తీసుకుంది.

“ఏడవకు. నక్కతోక తొక్కి వచ్చావే నువ్వు. మావాడి మనసు వెన్న. ఎవరూ నమ్మలేదులే గానీ, ఎంత బాగా అన్నాడో చూడు.”

ఎవరూ నమ్మలేదు. సంగతంతా ఆ మాటలోనే ఉంది. అప్పటి నుంచి చుట్టాల్లో ఆయనకు పెద్దపేరు వచ్చింది. ఆ పేరు పెరిగిన కొద్దీ నేను ఇంకాస్త కుంచించుకుపోయాను. అంతకుముందు నేను ఉత్త గొడ్రాలిని, ఇప్పుడు దేవుడిలాంటి మొగుణ్ణి అబద్ధమాడించిన గొడ్రాలిని. సలహాలూ ఆగలేదు. తమ్ముడికి తెలియనివ్వకు, చిన్నబుచ్చుకుంటాడు అంటూ వదిన పొడులూ వేర్లూ చాటుగా నాకే పంపేది. ఆయన మాత్రం ఆ మాట అలవాటు చేసుకున్నారు. ఎవరు అడిగినా, లోపం నాదేలెండి అని నవ్వుతూ ఛాతీ విరుచుకుని చెప్పేవారు. విన్నవాళ్ళు ఆయన భుజం తట్టి, నా వంక చూసేవారు.

ఆ రుణం నా నోరు కట్టేసింది. ఆయన ఏది అన్నా సరే అనడం నేర్చుకున్నాను. హాలు గోడలకు ఆయన ఒక ఆకుపచ్చ రంగు వేయించారు. మందుసీసా రంగు. బాగుందా అంటే బాగుందన్నాను. నా స్కూటరును వాళ్ళ పెద్దమ్మ మనవడికి ఇచ్చేద్దామా అంటే ఇచ్చేద్దామన్నాను. అంతటి మాట నా కోసం అన్న మనిషితో స్కూటరు గురించి ఏం పేచీ పెట్టుకోను?

పెళ్ళయి ఏడేళ్ళు దాటాక, పొట్ట మీద చిన్న గాట్లు పెట్టి లోపల కెమెరాతో చూద్దామని ఆస్పత్రిలో అన్నారు. మత్తు ఇస్తారు, ఒక రోజు ఉండాలి. నేను సరేనన్నాను. ఈసారైనా నాలోని లోపం దొరుకుతుంది, దొరికితే బాగుచేస్తారు. అదే నా ఆశ. దొరక్కపోతే ఏమిటన్నదే నా భయం. ఈ మధ్య అత్తయ్య నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోతున్నారు. వదిన ఫోను చేసినప్పుడు ఆవిడ గొంతు తగ్గించి, ఇంకెన్నాళ్ళని చూస్తాం అనడం నా చెవిన పడింది. చూడటం ఆపేస్తే ఏం చేస్తారో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆపరేషనుకు ముందు మాట్లాడటానికి వెళితే పాత డాక్టరు బదులు కొత్తావిడ ఉంది. నా కంటే చిన్నదిలా ఉంది. అత్తయ్య బయట మందుల దుకాణం దగ్గర ఆగారు, నేనొక్కదాన్నే లోపలికి వెళ్ళాను. ఆమె పాత పరీక్షలన్నీ తిరగేసి, మీవారివి ఏవి అంది. ఆయనకు అవసరం లేదన్నాను. ఎవరు చెప్పారు అంది. నేను నీళ్ళు నమిలాను. ఆమె కసురుకోలేదు. కుర్చీలో వెనక్కి వాలి, మీరేం పని చేస్తుంటారు అని అడిగింది. గుడ్లు చూసే పని చెప్పాను. అది నాకు బాగా వచ్చిన పని కదా, చెబుతుంటే గొంతు పెగిలింది. ఎర్ర నరాలు, నల్ల చుక్క, ఖాళీ గుడ్లు, అన్నీ చెప్పాను. ఆమె శ్రద్ధగా వింది.

“ఒక అరలో గుడ్లన్నీ ఖాళీగానే వస్తే ఏం చేస్తారు?”

“పుంజును మారుస్తాం,” అన్నాను.

అన్నాక నా మాట నాకే వినబడింది. అది అత్తయ్య పెట్టిన పద్ధతి. ఒక అర నుంచి వరసగా ఖాళీవి వచ్చాయని చెబితే ఆవిడ తలెత్తకుండానే పుంజును మార్చమంటారు. పెట్టలను ఒక్కొక్కదాన్నీ పట్టి చూడండి అని ఏనాడూ అనలేదు. కిందటేడాది షెడ్డు మొత్తంలో అందమైన పుంజును, కూత వేస్తే పక్క వీధి లేచే దాన్ని, అలాగే తీసేశారు. తీసింది మావారే. నేను ఆ అర గుడ్లు నా చేత్తో ఏరాను. ఇంత జరిగినా ఆ ముక్క షెడ్డు దాటి ఇంట్లోకి రాలేదు.

డాక్టరు నవ్వలేదు.

“మనుషుల్లో మార్చక్కర్లేదమ్మా. చూస్తే చాలు.”

తర్వాత నిదానంగా చెప్పింది. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగంమందికి మగవాళ్ళ వైపు కూడా ఏదో ఒకటి ఉంటుందట. కండలకూ దీనికీ సంబంధం లేదట, పడకగదిలో హుషారుకూ దీనికీ సంబంధం లేదట. అక్కకు ముగ్గురు పుట్టినంత మాత్రాన తమ్ముడికి పుట్టాలని లేదట. దిండు గురించి అడిగితే, నడుంనొప్పి వస్తుంది, అంతే అంది. ఒక్క రోజు కోసం నెలంతా దాచుకోవడం మంచిది కాదంది, అది దాచిన కొద్దీ పెరిగేది కాదట. నా పొట్ట మీద కత్తి పెట్టే ముందు చేయాల్సిన తేలిక పరీక్ష ఇదొక్కటేననీ, అది జరగనిదే తను ఆపరేషను పెట్టననీ చెప్పేసింది.

ఆ సాయంత్రం మావారికి చెప్పాను. ఆయన కోడిపిల్లలను చేరవేసే వ్యాను కడుగుతున్నారు. విని, నీళ్ళ గొట్టం కింద పడేశారు.

“ఇన్నాళ్ళూ లోపం నాదేనని లోకమంతా చెప్పుకున్నాను. ఇంకా నేనేం చేయాలి?”

“చెప్పడం చాలు. ఒకసారి చూపించుకోండి.”

ఏళ్ళ తర్వాత ఆయన మాటకు ఎదురుచెప్పడం అదే. ఆయన నన్ను వింతగా చూశారు. మొహం మాడ్చుకుని షెడ్డులోకి వెళ్ళిపోయారు, అన్నానికి పిలిచినా రాలేదు. నేను ఆపరేషనుకు తీసుకెళ్ళాల్సిన బట్టలు సంచిలో సర్దుతూ కూర్చున్నాను. లోపలికి వచ్చి ఆ సంచీని చూశారు. రేపు పొద్దున వెళదాంలే అన్నారు.

పరీక్ష గది ముందు ఆయన పడ్డ పాట్లు తలుచుకుంటే ఇప్పటికీ జాలేస్తుంది. చేతికి ఒక చిన్న డబ్బా ఇచ్చి లోపలికి పంపారు. అంత మనిషీ ఆ డబ్బాను గుప్పిట్లో దాచుకుని, దొంగతనం చేసినవాడిలా అటూ ఇటూ చూసుకుంటూ వెళ్ళారు. చాలాసేపటికి తలవంచుకుని వట్టి చేతులతో బయటికొచ్చారు. కుదరలేదు అన్నారు నా చెవిలో. చెమటలు కక్కుతున్నారు. నన్ను అన్నేళ్ళు అన్ని బల్లల మీద పడుకోబెట్టినప్పుడు ఎవరూ నా చెమట తుడవలేదని గుర్తొచ్చింది. అయినా కొంగుతో ఆయన మొహం తుడిచాను. టీ తాగించి, వరండాలో కాసేపు నడిపించి, మళ్ళీ పంపాను.

ఫలితం వచ్చాక డాక్టరు ఇద్దరినీ పిలిచింది. ఒక్కసారితో తేల్చకూడదని కొన్ని వారాలు ఆగి రెండోసారి చేయించింది. రెండోసారీ అదే వచ్చింది. ఆయనలో ఉండాల్సిన వీర్యకణాలు చాలా తక్కువగా ఉన్నాయి, ఉన్నవాటిలో కదిలేవి ఇంకా తక్కువ. అక్కడి రక్తనాళాలు ఉబ్బి ఉన్నాయనీ, చిన్న ఆపరేషనుతో కొంతమందికి మెరుగవుతుందనీ, కాకపోతే వేరే దారులున్నాయనీ చెప్పింది. తలుపులేమీ మూసుకుపోలేదంది. ఇన్నేళ్ళు పోకుండా ముందే వచ్చి ఉంటే బాగుండేదని మాత్రం మెల్లగా అంది.

“కానీ నాకు ఏ ఇబ్బందీ లేదు కదండీ, అన్నీ మామూలుగానే...” అన్నారు మావారు.

“అది వేరండీ, ఇది వేరు.”

ఆయన తల ఊపారు. తర్వాత ఆమె ఏమడిగినా తలే ఊపారు.

నిజం చెబుతాను, నాకు మొదట కలిగింది సంతోషం. నేను కాదు, నాది కాదు అని గంతులెయ్యాలనిపించింది. వ్యానెక్కేసరికి ఆ సంతోషం కోపంగా మారింది. వ్యానంతా కోడిపిల్లల పెట్టెల వాసన. ఆయన బండి స్టార్టు చెయ్యకుండా స్టీరింగు మీద చేతులు పెట్టి కూర్చున్నారు.

“ఆ ఆకుపచ్చ రంగు నాకు ఎప్పుడూ నచ్చలేదు,” అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. అప్పుడు అన్నీ చెప్పాను. రంగు, స్కూటరు, చాటుగా మింగిన పొడులు, రుణం తీర్చుకుంటున్నట్టు బతకడం, ఆ ఎక్స్‌రే బల్ల. ఆ అబద్ధం ఆడకుండా నోరు మూసుకుని ఉంటే అప్పుడే ఎవరో ఒకరు మీ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళేవారు, మీ మంచితనం చూసి అందరం మిమ్మల్ని వదిలేశాం అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. అంతా విన్నాక ఆయన నోరు విప్పారు.

“మంచితనం కాదు. నాకేమీ లేదన్న ధైర్యంతోనే ఆ మాట అన్నాను. ఏ మూలైనా అనుమానం ఉంటే అనేవాణ్ణి కాదు.”

అని ఏడ్చేశారు. పెళ్ళయ్యాక ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు. నా కోపం ఎక్కడికీ పోలేదు గానీ, దాని పక్కనే ఇంకొకటి వచ్చి కూర్చుంది. ఏడేళ్ళు నేను మోసినది ఇప్పుడే ఆ మనిషి నెత్తికెక్కింది. దాని బరువు ఎంతో నాకు తెలుసు. చెయ్యి చాపి ఆయన వీపు మీద వేశాను.

ఇంటికి వెళ్ళేసరికి అత్తయ్య హాల్లో కూర్చుని ట్రేలకు చీటీలు అంటిస్తున్నారు. ఏమన్నారు అని నన్ను అడిగారు. మావారు జవాబు చెప్పారు.

“లోపం నాదేనమ్మా.”

అత్తయ్య నవ్వారు. పాత మాటే కదా.

“ఇంట్లో మనమే కదరా ఉన్నది. నా దగ్గర కూడా దాన్ని వెనకేసుకురావాలా?”

“అమ్మా, నిజంగానే నాది. రెండుసార్లు చూశారు.”

ఆవిడ ఇంకా నవ్వబోయారు. తలెత్తి కొడుకు మొహం చూశారు. ఇన్నాళ్ళూ ఆ మాట అన్నప్పుడల్లా విరుచుకునే ఛాతీ ఇప్పుడు లేదు. భుజాలు జారిపోయాయి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆవిడ చేతిలోని చీటీ అంటుకోవాల్సిన చోట కాక వేలికి అంటుకుంది. దాన్ని ఊడదీసుకోవడం కూడా మరిచిపోయారు. డాక్టరు చెప్పినదంతా నేనే వివరించాను, ఆపరేషను ఉందనీ వేరే దారులున్నాయనీ. ఆవిడకు ఎంతవరకు ఎక్కిందో తెలియదు. చాలాసేపు కొడుకు వంకే చూశారు, తర్వాత నన్ను పక్కన కూర్చోమన్నారు. నా చెయ్యి తీసుకుని రెండు చేతుల మధ్య పెట్టుకున్నారు.

“అమ్మాయ్, ఒక్కమాట. బయట మాత్రం నీదే అని ఉండనీ. నువ్వు ఎలాగూ పడుతూనే ఉన్నావు కదా, నీకు అలవాటైపోయింది. వాడు పడలేడు.”

ఆవిడ కళ్ళనిండా నీళ్ళున్నాయి. నా మీద ద్వేషంతో అన్న మాట కాదది. దాణా కొట్టు దగ్గర మగవాళ్ళు ఏమని నవ్వుతారో, పుంజుగారన్న పేరును ఎలా తిప్పి అంటారో ఆవిడకు అప్పుడే వినబడుతోంది. కన్నకొడుకును ఆ నవ్వుల నుంచి దాచడానికి చేతికి అందిన బట్ట నేనే. ఇన్నేళ్ళ సూదులూ, గొట్టాలూ, ఒళ్ళోంచి లాగేసుకున్న పిల్లాడూ, అవన్నీ కలిపినా అంత నొప్పి పెట్టలేదు. అలవాటైపోయిందట.

కాదని అరవొచ్చు. సరేనని తల ఊపొచ్చు, అది నాకు బాగా వచ్చు. రెండూ చేయలేదు.

“మీరు అడిగితే ఒప్పుకోను అత్తయ్యా. ఆయన్ని అడగమనండి. ఆయన నోటితో అడిగితే సరేనంటాను.”

నిజంగానే అనేదాన్ని. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎలా ఉండేదాన్నో, అసలు ఉండేదాన్నో లేదో నాకు తెలియదు.

మావారు తల దించుకుని నిలబడ్డారు. అవతల యంత్రాల గది నుంచి మోటారు రొద వినబడుతోంది. ఆయన ఆలోచిస్తున్నారు. ఆలోచించలేదని ఆయనను గొప్ప చేసి చెప్పను. ఒకసారి తల్లి వంక చూశారు, ఒకసారి గుమ్మం వైపు చూశారు, బయట పనివాళ్ళు మాట్లాడుకుంటున్నారు. నా వంక మాత్రం చూడలేకపోయారు. ఆయన అడుగుతారనే అనుకున్నాను. చెయ్యి వెనక్కి తీసుకోబోయాను.

“అడగను,” అన్నారు.

అత్తయ్య ఏదో అనబోతే, ఆయన జేబులోంచి ఫోను తీసి వదినకు చేశారు. వాళ్ళ అక్కకు తెలిసిందంటే చుట్టాలందరికీ తెలిసినట్టే, ఆ సంగతి ఆయనకు తెలుసు. మా ఇద్దరికీ వినబడేలా ఫోను బల్ల మీద పెట్టారు.

“అక్కా, ఆస్పత్రి నుంచి వచ్చాం. లోపం నాదే.”

అటు వదిన ఎప్పటిలాగే మురిపెంగా నవ్వింది.

“నీలాంటి మొగుడు ఎవరికి దొరుకుతాడురా తమ్ముడూ...”

“వినక్కా. అప్పుడు అబద్ధం చెప్పాను. ఇప్పుడు చెప్పేది నిజం.”

వదిన నవ్వు ఆగింది. తర్వాత, నువ్వు వాణ్ణి ఇలా అనమన్నావా అని నన్ను అడిగింది. అది నేను చెప్పాల్సిన జవాబు కాదు. అమ్మేదిరా, అమ్మకివ్వు అంది వదిన.

మావారు ఫోనును అత్తయ్య ముందుకు జరిపారు. ఆవిడ దాని వంక చూస్తూ కూర్చున్నారు. అమ్మా, అమ్మా అని వదిన పిలుస్తోంది, వాడంటున్నది నిజమేనా అని అడుగుతోంది. ఆ ఒక్కమాట అనడానికి తల్లికి ఎంత కష్టమో నాకు తెలుస్తూనే ఉంది. అయినా ఆవిడకు సాయం చేయాలని నాకు అనిపించలేదు. ఈ ఒక్కసారికి ఆవిడ మాట కోసం నేను కాచుకుని కూర్చున్నాను.

“నిజమేనే,” అన్నారు అత్తయ్య. “దీనిలో ఏ లోపమూ లేదు. ఎప్పుడూ లేదు.”

అప్పటిదాకా నిబ్బరంగా ఉన్నదాన్ని, ఆ మాట విని భోరుమని ఏడ్చాను.